బెయిట్‌కాస్టింగ్ రీల్‌కు లైన్ ఎంచుకోవడం ఎలా? పౌండ్ల కంటే ముందు మందం చూడండి

గాలంతో చేపలు పట్టడానికి కొత్తగా బెయిట్‌కాస్టింగ్ రీల్ కొన్నవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “ఎన్ని పౌండ్ల లైన్ వేయమంటారు?” వెనకే రెండోది: “మేం వెళ్ళే నీళ్ళలో నాలుగైదు కిలోల చేపలున్నాయి, పది పౌండ్లు చాలదా?” ఇదే సంగతి చాలామందికి విడివిడిగా చెప్పాల్సి వస్తోంది. అందుకే కొనడం దగ్గర్నుంచి పాత లైన్ పారేయడం దాకా అంతా ఒకచోట రాస్తున్నాను.

లైన్ మీద రాసే పౌండ్లంటే అది తెగే బలం. చేప బరువు చూసి లైన్ కొంటే ఈ రీల్ దగ్గర ఇబ్బంది పడతారు. స్పిన్నింగ్ రీల్‌లో విసిరినప్పుడు స్పూల్ (లైన్ చుట్టి ఉండే డ్రమ్ము) కదలదు, లైన్ చుట్లు చుట్లుగా జారిపోతుంది. బెయిట్‌కాస్టర్‌లో లూర్ (ఉత్తుత్తి ఎర) లాగుతుంటే స్పూలే గిరగిరా తిరుగుతుంది. లూర్ వేగం తగ్గినా స్పూల్ అదే ఊపులో తిరుగుతూ ఉంటే, బయటికి పోలేని లైన్ లోపలే ఉబ్బి చిక్కుపడుతుంది. బ్యాక్‌లాష్ అంటే ఇదే. లైన్ మరీ సన్ననిదైతే కింది చుట్ల మధ్యలోకి దూరి ఇరుక్కుంటుంది. మరీ మందంగా, బిరుసుగా ఉంటే స్పూల్ మీద అణగకుండా స్ప్రింగులా లేస్తుంది. పెద్ద చేపను అలసిపోయేదాకా ఆడించడానికి డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్‌ను వదిలే ఏర్పాటు) ఉంది, రాడ్ వంపు ఉంది. ఈ స్పూల్ మీద లైన్ సరిగ్గా కూర్చోవడానికి మాత్రం మందమే ఆధారం.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ రీల్, రాడ్, ఎక్కువగా వాడే రెండు మూడు లూర్లు
- కొత్త లైన్. అట్ట మీద పౌండ్లతో పాటు మి.మీ.లో మందం కూడా రాసి ఉన్నదే తీసుకోండి
- బ్రెయిడ్ వేయాలనుకుంటే కొంచెం మోనో లైన్, లేదా ఎలక్ట్రికల్ టేపు (మోనో, ఫ్లోరో, బ్రెయిడ్ లైన్ రకాలు, వాటి సంగతి 3వ అంచెలో ఉంది)
- ఒక పెన్సిలు, తడిపిన మెత్తని గుడ్డ ముక్క
- పదునైన కత్తెర. బ్రెయిడ్ మామూలు కత్తెరకు సరిగ్గా తెగదు, చివర పీచులా విడిపోతుంది
- వేలాడదీసి తూచే చిన్న స్కేలు. సామాన్లు తూచేదైనా పనికొస్తుంది
- ఒక మనిషి సాయం. ఎవరూ లేకపోతే పెన్సిల్‌ను రెండు బరువైన పుస్తకాల మధ్య ఇరికించవచ్చు

1. రీల్ మీద, రాడ్ మీద ఏం రాసి ఉందో చదవండి

రీల్ పక్క మూత మీదో, డబ్బా మీదో “12–120” లాంటి అంకెలుంటాయి. 12 పౌండ్ల లైన్ 120 గజాలు పడుతుందని అర్థం. కొన్నిటి మీద “0.33–110” అని ఉంటుంది, అంటే 0.33 మి.మీ. లైన్ 110 మీటర్లు. బ్రెయిడ్ అని విడిగా రాయకపోతే ఆ లెక్క మోనోకే. గజం మీటరు కంటే కొంచెం తక్కువ, 0.91 మీటరు.

రాడ్ పిడికి కాస్త పైన రెండు కొలతలుంటాయి: ఎన్ని పౌండ్ల లైన్, ఎంత బరువు లూర్. లూర్ బరువు ఔన్సుల్లో ఉంటే 1 ఔన్సు 28 గ్రాములని లెక్క వేసుకోండి. రాడ్ మీద రాసిన పౌండ్లు కూడా మామూలుగా మోనో, ఫ్లోరోల కోసమే. “20 పౌండ్ల దాకా” అని ఉన్న రాడ్ మీద 50 పౌండ్ల బ్రెయిడ్ వాడడం తప్పేమీ కాదు, మందంలో అది 12 పౌండ్ల మోనో అంతే ఉంటుంది. కానీ డ్రాగ్‌ను 50 పౌండ్ల లెక్కన బిగిస్తే లైన్ బదులు రాడ్ విరుగుతుంది. దీని సంగతి 8వ అంచెలో చెబుతాను.

2. లైన్ కొనేముందు మూడు జవాబులు రాసుకోండి

ఎక్కడ విసురుతారు? ఖాళీ నీళ్ళా, రాళ్ళూ మునిగిన మోళ్ళూ ఉన్న చోటా, నాచూ తామరాకులూ కమ్మేసిన చోటా?

ఏ లూర్ వాడతారు? నీటి పైన తేలేదా, మధ్యలో ఈదేదా, అడుగున పాకేదా? బరువు ఎంత?

మీ బొటనవేలికి ఎంత అలవాటుంది? ఈ మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. విసిరిన లూర్ నీటిని తాకే క్షణంలో బొటనవేలితో స్పూల్‌ను ఆపడం మీకింకా రాకపోతే, మిగతా రెండింటికీ జవాబు ఏదైనా సరే, ముందు మోనోతో మొదలుపెట్టండి. బ్యాక్‌లాష్ పడ్డప్పుడు మోనో చిక్కు వేళ్ళతో తీస్తే వస్తుంది. బ్రెయిడ్ చిక్కు దూదిలా బిగిసిపోతుంది. ఫ్లోరో చిక్కు వచ్చినట్టే వస్తుంది గానీ, లైన్ మడతపడిన చోటల్లా బలహీనమై ఉంటుంది.

3. రకం ఎంచుకోండి

*మోనో.* నైలాన్‌తో చేసిన ఒంటి పోగు. లాగితే బాగా సాగుతుంది, చాలా రకాలు తెగేలోపు ఇరవై శాతం దాకా కూడా సాగుతాయి. ఆ సాగుడు రెండు రకాలుగా పనిచేస్తుంది. చేప ఒక్కసారిగా గుంజినప్పుడు అది గాలం ఊడకుండా కాపాడుతుంది, ముఖ్యంగా మూడు కొక్కేల గాలాలున్న లూర్లకు. కానీ ముప్పై నలభై మీటర్ల దూరంలో చేప కొట్టినప్పుడు మీరు రాడ్ గుంజిన బలం సగం దారిలోనే పోతుంది. నైలాన్ నీరు పీల్చుకుంటుంది, తడిసినప్పుడు బలం కాస్త తగ్గుతుంది. ఎండ తగిలే కొద్దీ పెళుసవుతుంది. నీళ్ళలో చాలా నెమ్మదిగా మునుగుతుంది కాబట్టి పైన తేలే లూర్లకూ పనికొస్తుంది.

*ఫ్లోరోకార్బన్.* చూడడానికి మోనోలాగే ఉంటుంది గానీ ముడిసరుకు వేరు. జపాన్‌కు చెందిన కురేహా కంపెనీ 1971లో దీన్ని గాలపు లైన్‌గా తెచ్చింది. వెలుగును వంచే గుణం నీటికి 1.33, ఫ్లోరోకు 1.42, నైలాన్‌కు అంతకంటే ఎక్కువ. అందుకే తేట నీళ్ళలో ఫ్లోరో తక్కువగా కనిపిస్తుంది. తక్కువగా అంటున్నాను, అసలు కనబడదని కాదు. నీటి కంటే దాదాపు 1.8 రెట్లు బరువు కాబట్టి మునుగుతుంది, అడుగున ఆడించే లూర్లకు అదే కావాలి. నీరు పీల్చదు, రాళ్ళ రాపిడిని బాగా తట్టుకుంటుంది. బిరుసుతనం దీని లోపం. స్పూల్ మీద చాలా రోజులుంటే ఆ గుండ్రని ఆకారమే గుర్తుపెట్టుకుని, విసిరినప్పుడు చుట్టలుగా బయటికొస్తుంది. 20 పౌండ్లు దాటిన ఫ్లోరోను ఈ రీల్‌కు నేను సిఫారసు చేయను.

పైన తేలే లూర్‌కు ఫ్లోరో కట్టకండి. మునిగే లైన్ లూర్ ముక్కును కిందికి లాగుతుంది, దాని నడక చెడిపోతుంది. లూర్ బాగాలేదనుకుని మార్చి మార్చి చూసేవాళ్ళలో చాలామంది మార్చాల్సింది లైన్.

*బ్రెయిడ్.* పాలిథిలిన్ సన్నపోగులు అల్లిన తాడు. అదే మందం మోనో కంటే ఎన్నో రెట్లు బలం. సాగుడు లేదనే చెప్పాలి, చేప మూతితో తాకినా చేతికి తెలుస్తుంది. నీటి మీద తేలుతుంది. నాచు కాడలను కోసుకుంటూ వస్తుంది. అయితే బాగా కనిపిస్తుంది, పదును రాయి అంచుకు తగిలితే బలానికి తగ్గట్టు నిలవదు, గాలి గట్టిగా ఉన్నప్పుడు పక్కకు కొట్టుకుపోయి కమాను కడుతుంది. నాలుగు పోగుల అల్లిక కాస్త గరుకు, నాచులో గట్టిది. ఎనిమిది పోగులది నునుపు, చప్పుడు లేకుండా దూరం పోతుంది.

మోనో, ఫ్లోరో పదార్థాలు కలిపి చేసిన లైన్లు కూడా ఉన్నాయి. వాటిని మోనో అనుకుని వాడుకుంటే సరిపోతుంది.

4. మందం చూసి పౌండ్లు తేల్చుకోండి

ఒకే “12 పౌండ్లు” అని రాసి ఉన్న రెండు లైన్లు పక్కపక్కన పెట్టి మి.మీ. చూడండి, తేడా ఉంటుంది. కొన్ని కంపెనీలు తక్కువ రాసి ఎక్కువ బలం ఇస్తాయి, అప్పుడు లైన్ మందంగా ఉంటుంది. అందుకే పౌండ్ల అంకె పక్కనే మందం అంకె చూడమని పదే పదే చెబుతున్నాను.

మామూలు బెయిట్‌కాస్టర్‌కు నా లెక్క ఇది: మోనో, ఫ్లోరో అయితే 0.28 నుంచి 0.43 మి.మీ. మధ్య, బ్రెయిడ్ అయితే 0.28కి తగ్గకుండా. 0.28 మి.మీ. బ్రెయిడ్ అంటే సుమారు 30 పౌండ్లు. 50 పౌండ్లది 0.36, 65 పౌండ్లది 0.41 దగ్గర ఉంటుంది. కొన్ని బ్రెయిడ్ల మీద మందాన్ని చెప్పే పీఈ అంకె రాస్తారు: పీఈ 2 అంటే 0.235 మి.మీ., పీఈ 3 అంటే 0.285, పీఈ 4 అంటే 0.33. అంటే పీఈ 3 నుంచి మొదలుపెట్టండి.

“30 పౌండ్ల బలం నాకెందుకు, 15 పౌండ్ల బ్రెయిడ్ అయితే ఇంకా దూరం పోతుంది కదా” అని మీకూ అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి వేశాను, 0.19 మి.మీ. బ్రెయిడ్. మొదటి గంట నిజంగానే బాగా పోయింది. తర్వాత లూర్ ఒక మోడులో ఇరుక్కుంటే రాడ్‌తో గట్టిగా లాగి ఊడదీశాను. ఆ లాగుడుకు పై లైన్ కింది చుట్లను చీల్చుకుని లోపలికి దిగిపోయింది. స్పూల్ మీద గోటితో గీసినట్టు సన్నని గాడి కనిపించింది. అప్పుడు పట్టించుకోలేదు. మళ్ళీ గట్టిగా విసిరాను. లూర్ సగం దూరం పోయేసరికి స్పూల్ టక్కున ఆగింది. లైన్ తెగి, లూర్ ఒక్కటే నీళ్ళ మీదుగా ఎగిరిపోయి మునిగింది. 15 పౌండ్లు మోయగల లైన్ 15 గ్రాముల లూర్‌కు తెగింది. అప్పట్నుంచి ఈ రీల్ మీద 0.28 కంటే సన్నని బ్రెయిడ్ వేయలేదు.

చాలా తేలిక లూర్ల కోసమే చేసిన చిన్న స్పూల్ రీల్స్ ఉంటాయి, వాటిలో సన్న లైన్లే వేస్తారు. మీది మామూలు రీల్ అయితే ఆ లెక్క మీకు వర్తించదు.

పని బట్టి ఇలా ఎంచుకోండి:

- నేర్చుకుంటున్నారా: 12–15 పౌండ్ల మోనో, బాగా కనిపించే రంగుది. లూర్ 14 గ్రాముల చుట్టూ ఉండాలి
- ఖాళీ నీళ్ళలో పైన తేలే లూర్లు: 12–17 పౌండ్ల మోనో, లేదా 30–40 పౌండ్ల బ్రెయిడ్
- లోతుకు దిగి ఈదే క్రాంక్‌బెయిట్లు: 10–12 పౌండ్ల ఫ్లోరో, లేదా మోనో. ఇక్కడ లైన్ ఎంత సన్ననైతే లూర్ అంత లోతుకు దిగుతుంది
- స్పిన్నర్‌బెయిట్లు (తిరిగే రేకులున్న లూర్లు): 14–17 పౌండ్ల ఫ్లోరో
- రాళ్ళు, మోళ్ళ మధ్య జిగ్గులు (బరువైన తలున్న గాలాలు), మెత్తని ప్లాస్టిక్ పురుగులు: 15–20 పౌండ్ల ఫ్లోరో
- దట్టమైన నాచు మీద కప్ప లూర్: 50–65 పౌండ్ల బ్రెయిడ్, లీడర్ (లైన్ చివర, లూర్ ముందు కలిపే వేరే ముక్క) లేకుండా నేరుగా

చివరిదాని గురించి ఒక మాట. అక్కడ 65 పౌండ్లు చేప కోసం కాదు. కొరమీను లాంటి చేప కప్పను మింగి తల తిప్పి నాచులోకి దూరితే, మీరు లాగేది రెండు కిలోల చేపను కాదు, దానికి చుట్టుకున్న నాచు మొత్తాన్ని.

పదునైన పళ్ళున్న చేపలకు వీటిలో ఏ లైనూ నమ్మదగ్గది కాదు. లూర్ ముందు జానెడు స్టీలు తీగ లీడర్ పెట్టాల్సిందే.

5. ఎంత పొడవు పడుతుందో లెక్క వేయండి

రీల్ మీద రాసిన మందం వేరు, మీరు కొన్న లైన్ మందం వేరు అయితే:

కొత్త పొడవు = రీల్ మీది పొడవు × (రీల్ మీది మందం × అదే మందం) ÷ (మీ లైన్ మందం × అదే మందం)

రీల్ మీద “0.33–110” ఉంది, మీ దగ్గర 0.28 మి.మీ. లైన్ ఉంది. 110 × 0.1089 ÷ 0.0784 చేస్తే దాదాపు 153 మీటర్లు. 0.36 మి.మీ. లైన్ అయితే 92 మీటర్లే.

నిజానికి మీరు విసిరే దూరం ముప్పై నలభై మీటర్లు, బాగా పోతే యాభై. అందుకే మొత్తం స్పూల్‌ను ఖరీదైన లైన్‌తో నింపక్కర్లేదు. అదే రీల్‌కు 0.36 మి.మీ. బ్రెయిడ్ 70 మీటర్లు చాలనుకుంటే, కింద 0.33 మి.మీ. మోనో సుమారు 27 మీటర్లు వేసి, దాని మీద బ్రెయిడ్ చుట్టండి. బ్రెయిడ్ కొంచెం నలిగి చదునవుతుంది కాబట్టి లెక్కకు రెండు మూడు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఏడాది తర్వాత బ్రెయిడ్ చివర రంగు వెలిసి పీచు లేస్తే, తిప్పి చుట్టండి. అడుగున వాడని భాగం పైకొస్తుంది.

6. స్పూల్‌లో చుట్టండి

అ) లైన్ కొసను ముందు లెవెల్‌విండ్ కంతలోంచి దూర్చండి. రీల్ ముందు అటూ ఇటూ తిరిగే చిన్న కంత అదే. ఇది మరిచి చుట్టేసి మళ్ళీ మొత్తం విప్పడం మొదటిసారి చాలామందికి జరుగుతుంది. రాడ్‌కు రీల్ బిగించి, కింది రింగులోంచి కూడా లైన్ తీసుకొస్తే పట్టు సులువు.

ఆ) స్పూల్ చుట్టూ లైన్ తిప్పి, కొసతో అసలు లైన్ చుట్టూ ఒక మామూలు ముడి వేయండి. కొసలో ఇంకో చిన్న ముడి వేసి లాగండి. మొదటి ముడి స్పూల్ దాకా జారి బిగుస్తుంది, రెండోది దాన్ని ఊడిపోకుండా ఆపుతుంది.

బ్రెయిడ్‌ను నున్నని స్పూల్ మీద నేరుగా కట్టకండి. ముడి బిగుతుగానే ఉంటుంది గానీ, మొత్తం లైన్ కట్ట స్పూల్ మీద జారి తిరుగుతుంది. చేప లాగుతుంటే డ్రాగ్ పాడైందనుకుంటారు. కింద పది చుట్ల మోనో అయినా వేయండి, లేదా ఒక చుట్టు టేపు అంటించండి.

ఇ) కొత్త లైన్ చక్రంలోంచి పెన్సిల్ దూర్చి సాయం వచ్చినవాళ్ళను పట్టుకోమనండి. చక్రం తిరగాలి, లైన్ దాని పైభాగం నుంచి రీల్ స్పూల్ పైభాగానికి రావాలి. రెండూ ఒకే వంపులో ఉంటాయి, మెలి పడదు. చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి చుట్టే పద్ధతి స్పిన్నింగ్ రీల్‌ది. ఇక్కడ అలా చేస్తే చుట్టుకొక మెలి ఎక్కుతుంది.

ఈ) తడి గుడ్డతో లైన్‌ను రెండు వేళ్ళ మధ్య పట్టి, నిదానంగా చుట్టండి. బ్రెయిడ్ అయితే ఇంకా గట్టిగా పట్టాలి. వదులుగా చుట్టిన బ్రెయిడ్ ఎంత మందమైనా, తొలి పెద్ద చేపకే లోపలికి దిగిపోతుంది. గుడ్డ లేకుండా ఉత్త వేళ్ళతో పట్టకండి, బ్రెయిడ్ చర్మం కోస్తుంది.

ఉ) స్పూల్ అంచుకు 2–3 మి.మీ. కిందే ఆపండి. అంచు దాకా నింపితే బ్యాక్‌లాష్‌లు పెరుగుతాయి. మరీ తక్కువ నింపితే దూరం తగ్గుతుంది, రీల్ హ్యాండిల్ ఒక తిప్పుకు చుట్టుకునే లైన్ కూడా తగ్గుతుంది.

సరిగ్గా చుట్టారో లేదో చూడాలంటే బొటనవేలి గోటితో స్పూల్ మీద నొక్కండి. నేల గట్టిగా ఉన్నట్టు తగలాలి. దిండులా లోపలికి పోతే విప్పి మళ్ళీ చుట్టాల్సిందే. ఈ పదిహేను నిమిషాలు ఇప్పుడే పెట్టండి.

7. లైన్‌కు తగ్గ ముడి వేయండి

మోనోకు క్లించ్ ముడి చాలు: గాలం కంతలోంచి తీసి, అసలు లైన్ చుట్టూ అయిదారు చుట్లు తిప్పి, కొసను గాలం దగ్గరి ఉచ్చులోంచి, తర్వాత ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి తీసి లాగడం. బ్రెయిడ్‌కు అది జారుతుంది. బ్రెయిడ్‌కు పాలోమార్ వేయండి: లైన్ మడిచి జంటగా గాలం కంతలోంచి తీసి, ఒక మామూలు ముడి వేసి, ఆ జంట లైన్ కొసనున్న ఉచ్చులోంచి గాలాన్నే దూర్చి బిగించాలి.

ఫ్లోరో ముడిని తడపకుండా ఎప్పుడూ బిగించకండి. పొడిగా లాగితే రాపిడి వేడికి లైన్ ఉపరితలం దెబ్బతింటుంది. ముడి పక్కన లైన్ సన్నగా మెలితిరిగి, తెల్లబారి కనిపిస్తుంది. అలా కనిపిస్తే కోసి మళ్ళీ వేయండి. ఉమ్ముతో తడిపి, ఒకే లాగులో కాకుండా మెల్లగా దగ్గరికి తీసి, చివర్లో గట్టిగా బిగించాలి.

తేట నీళ్ళలో బ్రెయిడ్ వాడాలంటే ముందు మీటరు, మీటరున్నర ఫ్లోరో లీడర్ కలపండి. రెండింటినీ కలపడానికి డబుల్ యూని ముడి సులువు. బ్రెయిడ్ వైపు చుట్లు ఎక్కువ వేయండి, ఎనిమిదైనా ఉండాలి. విసిరే ముందు ఆ ముడి లెవెల్‌విండ్ బయటే ఉండేట్టు చూసుకోండి. లోపల ఉంటే ప్రతి విసురుకూ ఆ కంతకు కొట్టుకుని అరిగిపోతుంది.

8. రీల్‌ను కొత్త లైన్‌కు సరిచేయండి

లైన్ మారితే పాత సెట్టింగులు చెల్లవు. లూర్ కట్టి, రాడ్ కొన ఎత్తి, బొటనవేలు స్పూల్ మీద పెట్టి, స్పూల్‌ను వదిలే బటన్ నొక్కండి. వేలు తీస్తే లూర్ మెల్లగా దిగాలి, నేలను తాకగానే స్పూల్ ఆగాలి. ఆగకుండా తిరిగితే పక్కనున్న టెన్షన్ మరను కొంచెం బిగించండి. స్పూల్ వేగాన్ని తగ్గించే బ్రేకులు మొదట ఎక్కువలోనే ఉంచి, పది ఇరవై విసుర్లు చక్కగా పడ్డాక ఒక్కో అంకె తగ్గించండి. లూర్ మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్ళీ చేయాలి.

ఇక డ్రాగ్. స్కేలును లైన్ కొసకు కట్టి, రాడ్‌ను చేప లాగుతున్నప్పటి వంపులో పట్టుకుని లాగించండి. లైన్ తెగే బలంలో నాలుగో వంతు దగ్గర డ్రాగ్ వదలాలి. 15 పౌండ్లంటే 6.8 కిలోలు, కాబట్టి స్కేలు 1.7 కిలోలు చూపించే చోట స్పూల్ జారాలి. బ్రెయిడ్‌కు లీడర్ ఉంటే లీడర్ పౌండ్లతో లెక్క వేయండి. లీడర్ లేకపోతే రాడ్ మీద రాసిన గరిష్ఠ పౌండ్లతో. నాచులో చేపను వెంటనే లాగడానికి డ్రాగ్ పూర్తిగా బిగించేవాళ్ళున్నారు. అందుకోసమే చేసిన హెవీ రాడ్‌తో తప్ప మీరు ఆ పని చేయకండి.

9. నీళ్ళ దగ్గర చూసుకోవాల్సినవి

మొదటి విసుర్లు సగం బలంతోనే. బ్యాక్‌లాష్ పడితే కంగారుగా లాగకండి. బొటనవేలితో చిక్కును స్పూల్‌కేసి గట్టిగా నొక్కి పట్టి, రీల్ హ్యాండిల్ మూడు నాలుగు తిప్పులు తిప్పండి, తర్వాత బటన్ నొక్కి లైన్ లాగండి. చాలా చిక్కులు దీంతోనే విడిపోతాయి. లేకపోతే కనిపిస్తున్న ఉచ్చులను ఒక్కొక్కటిగా వదులు చేయండి.

రాళ్ళకు తగిలాక, ప్రతి చేప తర్వాత, చివరి రెండు మీటర్ల లైన్‌ను రెండు వేళ్ళ మధ్య నడిపించండి. గరుకు తగిలితే అక్కడికి కోసేయండి. వేళ్ళకు తెలియకపోతే పెదాల మధ్య నడిపి చూడండి, వెంట్రుకంత గీత కూడా తెలుస్తుంది.

గాలం ఇరుక్కుంటే రాడ్‌తో లాగొద్దు. రాడ్‌ను లైన్ వరసలోకి దించి, లైన్‌ను ఒక కర్ర ముక్కకు నాలుగు చుట్లు చుట్టి, వెనక్కి నడుస్తూ లాగండి. ముఖం పక్కకు తిప్పుకోండి, ఊడిన లూర్ నేరుగా మీ వైపే వస్తుంది. బ్రెయిడ్‌ను చేతికి చుట్టుకుని లాగితే ఎముక దాకా కోస్తుంది, ఇది అతిశయోక్తి కాదు. అలా లాగాక స్పూల్ మీద గాడి పడిందేమో చూడండి. పడితే ఆ చోటు దాటేదాకా లైన్ బయటికి లాగి, గుడ్డతో బిగువుగా మళ్ళీ చుట్టాకే విసరండి.

లైన్ తెగితే కొసను చూడండి

చేప పోయిందన్న బాధలో కొసను చూడకుండా కొత్త లూర్ కట్టేస్తాం. ఒక్క నిమిషం ఆగండి.

- కొస పంది తోకలా మెలితిరిగి ఉంటే ముడి జారింది. ముడి మార్చండి, లేదా చుట్లు పెంచండి
- కొస గరుకుగా, పక్కన తెల్ల గీతలతో ఉంటే రాపిడి. ఇంకా మందం లైన్, లేదా ఫ్లోరో కావాలి
- ఒకే చోట మళ్ళీ మళ్ళీ గీతలు పడుతుంటే రాడ్ రింగుల్లో ఎక్కడో పగులుంది. ప్రతి రింగు లోపలా దూది తిప్పండి, పోగు తగులుకున్న చోటే పగులు
- స్పూల్ దగ్గర తెగితే లైన్ లోపలికి దిగడమో, పాత బ్యాక్‌లాష్ మడతో కారణం

ఫ్లోరోలో బ్యాక్‌లాష్ తీశాక తెల్లగా కనిపించే మడతను ఎంత చిన్నదైనా వదలకండి. అక్కడిదాకా కోసేయండి. లైన్ పోతోందని మనసు ఒప్పదు, కానీ చేప లాగినప్పుడు ముందు తెగేది అక్కడే.

ఎప్పుడు మార్చాలి?

తరచూ వెళ్ళేవాళ్ళు మోనోను మూడు నాలుగు నెలలకోసారి మార్చాలి. వేళ్ళ మధ్య లాగితే చుట్టలు పోకపోయినా, రంగు పాలిపోయినా గడువు తీరినట్టే. ఫ్లోరో జాగ్రత్తగా వాడితే ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. బ్రెయిడ్ ఏళ్ళ తరబడి వస్తుంది, రంగు వెలవడం చూసి పారేయకండి, పీచు లేవడం చూసి పారేయండి. రీల్‌ను ఎండ తగిలే కిటికీ దగ్గరా, కారులోనూ వదలొద్దు. ఉప్పు నీళ్ళలో వాడిన రోజు మంచి నీళ్ళతో కడిగి ఆరబెట్టండి.

తీసేసిన లైన్‌ను గట్టు మీద వదిలి రావద్దు. ఆ ఉచ్చుల్లో పిట్టల కాళ్ళు ఇరుక్కుంటాయి, అవి విడిపించుకోలేవు. మూతున్న డబ్బాలో వేసుకుని ఇంటికి తెచ్చి, వేలెడు ముక్కలుగా కత్తిరించి చెత్తలో వేయండి.